వాణిజ్య మండలికి డబ్బెవరు పెట్టాలి? చందా, విరాళం, రుసుముల మధ్య చట్టం గీసిన గీతలు

బిలాస్‌పుర్ పరిసరాల్లోని ఒక మిల్లు యజమాని పశ్చిమ ఆఫ్రికాలోని కొనుగోలుదారుకు ఉప్పుడు బియ్యం పంపదలచారని అనుకుందాం. ధాన్యం ఛత్తీస్‌గఢ్‌లో పండింది. బియ్యం ఇక్కడే ఆడించారు. బస్తాలు విశాఖపట్నం రేవుకో, కాకినాడ రేవుకో చేరతాయి. అయితే ఆ సరుకు భారతదేశంలోనే పుట్టిందని అవతలి దేశపు కస్టమ్స్ అధికారి నమ్మడానికి మిల్లు యజమాని మాట ఒక్కటీ చాలదు. సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ కావాలి. సరుకు ఏ దేశానిదో ధ్రువీకరించే ఈ పత్రాన్ని ప్రభుత్వ కార్యాలయమే ఇవ్వనవసరం లేదు. కస్టమ్స్ లాంఛనాల సరళీకరణపై 1923లో జెనీవాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం, తగిన అధికారం ఉన్న సంస్థలు కూడా ఇటువంటి పత్రాలు ఇవ్వవచ్చని అంగీకరించింది. మన దేశంలో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ గుర్తించిన సంస్థల జాబితాలో వాణిజ్య మండళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నాయి.

ఆ కాగితం వెనక ఒక కార్యాలయం ఉంటుంది. సంతకం చేసే అధికారం పొందిన మనిషి, ఇన్వాయిస్‌లు సరిచూసే గుమాస్తా, అద్దె, కరెంటు బిల్లు, ఏటా ఆడిట్ ఉంటాయి. మండలి అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి సాధారణంగా జీతం లేకుండా పనిచేసే వ్యాపారులే. తమ దుకాణమో మిల్లో చూసుకుంటూ మిగిలిన సమయాన్ని సంస్థకు ఇస్తారు. వారి సమయానికి వెల లేదు గానీ, కార్యాలయానికి ఉంది. స్వచ్ఛంద సేవతో నడిచే వాణిజ్య మండళ్లు కుంటుపడేది సేవ చేసేవారు దొరకక కాదు. స్థిరమైన, స్వతంత్రమైన ఆదాయం లేక. ఆ ఆదాయాన్ని సంపాదించే మార్గాల్లో ఏది ఎంతవరకు సమ్మతమో చెప్పే చట్టం గత వందేళ్లలో ఒకసారి అటూ ఒకసారి ఇటూ మొగ్గుతూ వచ్చింది. ఆ ఊగిసలాటలో తొలి మైలురాయిగా నిలిచిన కేసు ఒక తెలుగు సంస్థదే కావడం విశేషం.

రైలు తెచ్చిన ఊరు

బిలాస్‌పుర్‌ను నేటి రూపానికి తెచ్చింది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే కలకత్తా వైపు మార్గాన్ని ఈ ప్రాంతం మీదుగా వేసింది. కట్నీ వైపు శాఖ ఇక్కడే చీలడంతో ఊరు పెద్ద జంక్షన్ అయింది. ఉత్తర కోస్తాలో వాల్తేరు వరకు ఉన్న మార్గం కూడా తర్వాత ఇదే కంపెనీ చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఉద్యోగాల కోసం బయలుదేరిన తెలుగు కుటుంబాలు ఈ మార్గం పొడవునా రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. బిలాస్‌పుర్ రైల్వే కాలనీలో తెలుగు వినిపించడానికి కారణం అదే. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ కేంద్రం. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడినప్పుడు హైకోర్టు ఇక్కడికే వచ్చింది. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయమూ ఇక్కడే ఉంది.

సముద్రానికి దారి ఇంకోటి. రాయ్‌పుర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం 1931లో పూర్తయింది. రెండేళ్లకు, 1933లో విశాఖపట్నం రేవు తెరుచుకుంది. ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని ప్రపంచ విపణికి కలిపే దగ్గరి దారి అప్పటి నుంచీ తెలుగు తీరం మీదుగానే సాగుతోంది.

దారి ఉన్నంత మాత్రాన వ్యాపారం దానంతట అదే సాగదు. రాయబార కార్యాలయాలు దిల్లీలో ఉన్నాయి. కాన్సులేట్లు ముంబయి, కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్‌లలో ఉన్నాయి. విదేశీ ప్రతినిధి బృందం ఛత్తీస్‌గఢ్‌కు వచ్చినా రాజధాని రాయ్‌పుర్‌లో ఆగి వెళ్లడమే సహజం. బిలాస్‌పుర్ వంటి ఊరి వ్యాపారులు అంతర్జాతీయ సంబంధాలు కావాలనుకుంటే చొరవ వారే తీసుకోవాలి, ఖర్చూ వారే పెట్టుకోవాలి.

అందరికీ మేలు, చెల్లించేది కొందరే

మండలి చేసే పనుల్లో అత్యంత విలువైనది రుసుము రానిది. ఇటీవలి ఉదాహరణే చూద్దాం. 2023 జులై 20న కేంద్రం బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యంపై 20 శాతం ఎగుమతి సుంకం విధించింది. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఈ ఆంక్షలు దశలవారీగా తొలగాయి. మధ్యలో ఉన్న పద్నాలుగు నెలల్లో ఒప్పందం కుదుర్చుకుని సరుకు సిద్ధం చేసుకున్న వ్యాపారికి ఎన్ని సందేహాలు! నోటిఫికేషన్‌కు ముందే రేవుకు చేరిన సరుకు పరిస్థితి ఏమిటి? కొనుగోలుదారుకు ఏమని రాయాలి? దిల్లీలో ఎవరికి విన్నవించుకోవాలి? ఇటువంటప్పుడు నోటిఫికేషన్ చదివి అర్థం చెప్పి, అందరి తరఫునా వినతిపత్రం తయారుచేసి పంపే సంస్థ ఎంతో అవసరం.

చిక్కంతా ఇక్కడే ఉంది. వినతి ఫలించి సుంకం తగ్గితే ఆ మేలు చందా కట్టినవారికీ, కట్టనివారికీ ఒకేలా అందుతుంది. ఎలాగూ అందే మేలుకు నేనెందుకు డబ్బు కట్టాలని ఒక్కొక్కరూ అనుకుంటే సంస్థే ఉండదు. అమెరికన్ ఆర్థికవేత్త మాన్‌కర్ ఓల్సన్ 1965లో ప్రచురించిన ‘ది లాజిక్ ఆఫ్ కలెక్టివ్ యాక్షన్’ గ్రంథంలో విశ్లేషించింది ఈ చిక్కునే. పెద్ద సమూహాలను కలిపి ఉంచాలంటే నిర్బంధమైనా ఉండాలి, లేదా సభ్యులకు మాత్రమే దక్కే ప్రత్యేక ప్రయోజనమైనా ఉండాలన్నది ఆయన వాదన.

జర్మనీ మొదటి దారి పట్టింది. 1956 నాటి చట్టం ప్రకారం అక్కడి వ్యాపార సంస్థలు స్థానిక పరిశ్రమల, వాణిజ్య మండలిలో తప్పనిసరిగా సభ్యులై రుసుము చెల్లించాలి. ఈ నిర్బంధ సభ్యత్వాన్ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2017లోనూ సమర్థించింది. విదేశాల్లోని జర్మన్ మండళ్లకు సభ్యత్వ రుసుములు, సేవల ఆదాయంతోపాటు ప్రభుత్వ నిధులూ కొంత మేరకు అందుతాయి. ముంబయిలో 1956లో ఏర్పడిన ఇండో జర్మన్ వాణిజ్య మండలి ఈ కుటుంబానికి చెందినదే.

మన దేశం బ్రిటిష్ సంప్రదాయాన్ని అనుసరించింది. ఇక్కడ సభ్యత్వం ఐచ్ఛికం. 1836లో మద్రాసు, బొంబాయి మండళ్లు, 1868లో కాకినాడ మండలి ఐరోపా వర్తకులు తమంతట తాము కూడి పెట్టుకున్నవే. భారతీయ వ్యాపారులు వేరే గొంతు కావాలనుకున్నప్పుడు హైదరాబాద్‌లో 1917లో, కలకత్తాలో 1925లో, మద్రాసులోని ఆంధ్రులకు 1928లో సొంత సంస్థలు వచ్చాయి. అన్నీ చందాల మీద మొదలైనవే.

చందా లెక్క

‘చందా’ పారశీకం నుంచి ఉర్దూ, హిందీల మీదుగా మనకు వచ్చిన మాట. బిలాస్‌పుర్ బజారులో హిందీ మాట్లాడే వర్తకుడూ, తెలుగు మాట్లాడే రైల్వే ఉద్యోగీ ఇద్దరూ అదే మాట వాడతారు. అయితే వాడుకలో దేవుడి ఉత్సవానికి ఇచ్చేదీ చందాయే, సంఘానికి ఏటా కట్టేదీ చందాయే. చట్టం మాత్రం ఈ రెండింటినీ కలవనివ్వదు. సభ్యుడు సభ్యుడిగా కట్టేది చందా. తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేది విరాళం. ఫలానా పని చేసిపెట్టినందుకు తీసుకునేది రుసుము. కోశాధికారి ఈ మూడింటినీ ఒకే పద్దు కింద రాస్తే ఆ పొరపాటుకు మండలి ఏళ్ల తరబడి మూల్యం చెల్లించవలసి రావచ్చు.

ముందుగా చందా. సభ్యులంతా కలిసి డబ్బు పోగుచేసి తమ కోసమే ఖర్చు పెట్టుకుంటే అందులో మిగిలింది లాభం కాదని ఆదాయపు పన్ను చట్టంలో పాత సూత్రం ఒకటి ఉంది. తన నుంచి తాను లాభం పొందలేరు కదా అన్నది దాని తర్కం. అయితే వాణిజ్య సంఘాల విషయంలో చట్టం ఒక మినహాయింపు పెట్టింది. సభ్యులకైనా సరే, నిర్దిష్టమైన సేవ చేసి ప్రతిఫలం తీసుకుంటే అది వ్యాపార ఆదాయమే. 1961 నాటి చట్టంలో 28వ సెక్షన్ చెప్పింది ఇదే. దానికి ఊరటగా, సభ్యుల ఉమ్మడి ప్రయోజనాలకు పెట్టిన ఖర్చు చందాలకు మించితే ఆ లోటును మొత్తం ఆదాయంలో సగం వరకు తగ్గించుకోవచ్చని 44ఏ సెక్షన్ అనుమతించింది.

జీఎస్‌టీది మరో దారి. క్లబ్బు, దాని సభ్యులు వేర్వేరు కారన్న పాత సూత్రాన్ని సుప్రీంకోర్టు 2019 అక్టోబరులో కలకత్తా క్లబ్ కేసులో మళ్లీ ధ్రువీకరించింది. దాన్ని దాటడానికి పార్లమెంటు 2021లో జీఎస్‌టీ చట్టాన్ని సవరించి, సంఘం తన సభ్యులకు అందించేది కూడా పన్ను వేయదగిన సరఫరాయేనని, అది 2017 జులై 1 నుంచే వర్తిస్తుందని ప్రకటించింది. ఈ సవరణ రాజ్యాంగ విరుద్ధమని కేరళ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. చిన్న మండళ్లకు ఈ వివాదం కన్నా ముఖ్యమైనది 2018 జులైలో వచ్చిన ఒక మినహాయింపు. వాణిజ్య, పరిశ్రమల ప్రోత్సాహానికి పనిచేసే లాభాపేక్ష లేని సంస్థ సభ్యుడి నుంచి ఏడాదికి 1,000 రూపాయల వరకు తీసుకునే సభ్యత్వ రుసుముపై జీఎస్‌టీ లేదు. పైగా సేవల ద్వారా వచ్చే వార్షిక టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటకపోతే సాధారణంగా నమోదే అవసరం లేదు.

1,000 రూపాయల చందాతో ఎంత దూరం వెళ్లగలమో ఊహా లెక్క ఒకటి వేద్దాం. 200 మంది సభ్యులు ఉన్నారనుకుంటే ఏడాదికి 2 లక్షలు వస్తాయి. నెలకు 12,000 రూపాయలకు ఒక గుమాస్తాను పెట్టుకుంటే 1,44,000 ఆయనకే పోతాయి. మిగిలిన 56,000 రూపాయల్లో కార్యాలయం అద్దె, ఆడిటర్ ఫీజు, ఇంటర్నెట్, సర్వసభ్య సమావేశం ఖర్చు సర్దాలి. విదేశీ ప్రదర్శనలో స్టాల్ మాట అటుంచి, అతిథిగా వచ్చిన వాణిజ్య ప్రతినిధికి స్టేషన్‌కు కారు పంపడానికి కూడా కోశాధికారి తన జేబులో చెయ్యి పెట్టవలసి వస్తుంది. చాలా చిన్న మండళ్లలో జరిగేది ఇదే. పదాధికారులు సొంత డబ్బు పెడతారు. పెట్టగలిగినవారే పదాధికారులవుతారు. క్రమంగా అది వారి మండలి అవుతుంది.

మద్రాసులో ఒక అద్దె భవనం

చందాకు తోడుగా స్థిరమైన రాబడి కావాలని ఆలోచించిన సంస్థల్లో ఆంధ్ర చాంబర్ ఆఫ్ కామర్స్ ఒకటి. మద్రాసు కేంద్రంగా 1928లో ఏర్పడిన ఈ సంస్థ, లాభాలు పంచుకోని కంపెనీలకు 1913 కంపెనీల చట్టం ఇచ్చిన వెసులుబాటు కింద నమోదైంది. ఇప్పటి 8వ సెక్షన్ కంపెనీలకు అది పూర్వరూపం. సంస్థ ఒక భవనం సమకూర్చుకుని కొంత భాగాన్ని తన కార్యాలయానికి ఉంచుకుంది. మిగిలినది అద్దెకిచ్చింది. ఆ అద్దెపై పన్ను కట్టాలని ఆదాయపు పన్ను శాఖ అడిగింది. వాణిజ్యాభివృద్ధి ప్రజోపయోగ లక్ష్యం కనుక తమది ధార్మిక ప్రయోజనమేనని మండలి వాదించింది.

శాఖ లేవనెత్తిన ప్రశ్నలు తేలికైనవి కావు. వ్యాపారులకు మేలు చేస్తే అది ప్రజలకు చేసిన మేలు ఎలా అవుతుంది? చట్టాలను సమర్థించడం, వ్యతిరేకించడం కూడా సంస్థ ఉద్దేశాల్లో ఉంది కనుక అది రాజకీయ ప్రయోజనం కాదా? 1964 అక్టోబరు 7న సుప్రీంకోర్టు తీర్పు వెలువరించింది. దాన్ని రాసింది జస్టిస్ జె.సి. షా. ప్రజోపయోగం అంటే మొత్తం మానవాళికి ఉపయోగపడాలని కాదని, సమాజంలో స్పష్టంగా గుర్తించదగిన ఒక వర్గానికి ఉపయోగపడినా చాలునని ఆ తీర్పు చెప్పింది. వాణిజ్యం పెరిగితే వ్యాపారులతోపాటు ప్రజలందరికీ మేలు కలుగుతుందని గుర్తించింది. చట్టాల గురించి విన్నవించుకోవడం ప్రధాన లక్ష్యానికి అనుబంధమే తప్ప స్వతంత్ర రాజకీయ ప్రయోజనం కాదని తేల్చింది. అద్దెపై మినహాయింపు దక్కింది.

దేశంలోని వాణిజ్య మండళ్లకు ఈ తీర్పు ఎంత ముఖ్యమో తెలుగునాట తగినంతగా చెప్పుకోలేదనిపిస్తుంది. ఆ తర్వాత ఇదే అంశంపై వచ్చిన పెద్ద తీర్పులు ఆంధ్ర చాంబర్ కేసును చర్చించకుండా ముందుకు సాగలేదు.

రుసుము దగ్గర చిక్కుముడి

అయితే ఆ కేసు 1922 చట్టం కిందిది. తీర్పు వచ్చేనాటికే కొత్త చట్టం అమల్లో ఉంది. 1961 చట్టం ప్రజోపయోగ లక్ష్యానికి ఒక షరతు జోడించింది. లాభం కోసం చేసే కార్యకలాపం అందులో ఇమిడి ఉండకూడదు. ఈ షరతు అర్థమేమిటన్న ప్రశ్న కలకత్తాలోని ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మనం మొదట చెప్పుకున్న కాగితమే అక్కడ వివాదాంశమైంది. మధ్యవర్తిత్వ రుసుములు, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ జారీకి తీసుకున్న రుసుములు, తూకం కొలతల ధ్రువపత్రాల లాభంలో వాటా ఆ మండలి ఆదాయ వనరులు. ఇవి లాభం కోసం చేసిన కార్యకలాపాలేనని 1975లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు నిర్ణయించింది. లాభం వద్దనుకుంటే ఆ సంగతి సంస్థ నియమావళిలోనే నిర్బంధంగా రాసుకోవాలన్నది ఆ తీర్పు ధోరణి.

నాలుగేళ్లలో గాలి మారింది. సూరత్ ఆర్ట్ సిల్క్ ఉత్పత్తిదారుల సంఘం కేసులో 1979 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం, ప్రధాన ఉద్దేశం ధార్మికమైతే దారిలో కొంత మిగులు వచ్చినా మినహాయింపు పోదని మెజారిటీతో తేల్చి, 1975 నాటి వైఖరిని పక్కన పెట్టింది. 1981లో భారత వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్య ఫిక్కీకి అదే సూత్రం వర్తించింది. ఆ కేసులో చర్చకు వచ్చిన ఆదాయం భారత వాణిజ్య ప్రదర్శన, ఆఫ్రో ఆసియా సంస్థ సదస్సులకు సంబంధించినది. అంటే అంతర్జాతీయ వ్యాపార సంబంధాల కోసం చేసిన పనే. 1983 ఆర్థిక చట్టం వివాదాస్పదమైన ఆ షరతునే తొలగించింది.

పాతికేళ్ల నిశ్చింత తర్వాత 2008లో షరతు మరో రూపంలో తిరిగొచ్చింది. ప్రజోపయోగం పేరిట పనిచేసే సంస్థ వ్యాపార స్వభావం ఉన్న పని చేసి రుసుము తీసుకుంటే అది ధార్మికం కాదన్నారు. వెంటనే ఇబ్బంది తలెత్తడంతో 10 లక్షల రూపాయల వరకు ఫరవాలేదన్నారు. తర్వాత 25 లక్షలకు పెంచారు. 2015లో స్థిరమైన మొత్తాన్ని వదిలి, మొత్తం రాబడిలో 20 శాతం అన్న కొలమానం తెచ్చారు. 10 లక్షల రాబడి ఉన్న మండలికి వ్యాపార స్వభావం గల ఆదాయం 2 లక్షలు దాటకూడదు. దాటితే దాటిన భాగానికి మాత్రమే పన్ను అనుకుంటే పొరపాటు. ఆ ఏడాది మినహాయింపు మొత్తం పోతుంది.

ఏది వ్యాపార స్వభావం? 2022 అక్టోబరు 19న అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన సుదీర్ఘ తీర్పు దీనికి జవాబు చెప్పింది. జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ రాసిన ఈ తీర్పు ప్రకారం, సేవకు అయిన ఖర్చు మేరకో, దాని మీద నామమాత్రం ఎక్కువగానో రుసుము తీసుకుంటే అది వ్యాపారం కాదు. ఖర్చుకన్నా గణనీయంగా ఎక్కువ తీసుకుంటే వ్యాపారమే, అప్పుడు 20 శాతం పరిమితి వర్తిస్తుంది. వాణిజ్య ప్రోత్సాహక సంస్థల గురించి ప్రత్యేకంగా ప్రస్తావించింది కూడా. వ్యాపారుల తరఫున వాదించడం, వారిని సమన్వయపరచడం, సహకరించడం ప్రజోపయోగమే. అయితే నైపుణ్య శిక్షణ తరగతులు, ప్రదర్శనల్లో అద్దెకిచ్చే స్టాళ్లు, సలహా సేవల నుంచి వచ్చే రాబడి వ్యాపార స్వభావం కలిగినదని పేర్కొంది. తీర్పు అక్షరాలా చదివితే, ఒక చిన్న మండలి తన కాళ్లపై తాను నిలబడటానికి చేయగలిగిన పనులన్నీ దాదాపు ఈ రెండో జాబితాలోనే పడతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పన్ను మినహాయింపును అడ్డుపెట్టుకుని వ్యాపారం చేసే సంస్థలను ఆపాలన్న ఉద్దేశాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ నిష్పత్తి కొలమానం పెద్ద సంస్థకూ చిన్న సంస్థకూ ఒకేలా పనిచేయదు. కోట్ల రూపాయల చందాలున్న మండలికి ఒక ప్రదర్శన రాబడి 20 శాతంలో ఒదిగిపోతుంది. 2 లక్షల చందాతో నడిచే మండలి ఒక్కసారి కొనుగోలుదారుల, అమ్మకందారుల సమావేశం పెట్టి స్టాళ్లు అద్దెకిస్తే చాలు, పరిమితి దాటిపోతుంది. చొరవ చూపిన ఏడాదే శిక్ష పడుతుంది.

దీనికి నిపుణులు చెప్పే జాగ్రత్త ఒక్కటే, అది విసుగు పుట్టించేదే. ప్రతి సేవకూ విడిగా ఖర్చు లెక్క కట్టాలి. ఒక సర్టిఫికెట్ జారీకి గుమాస్తా సమయం ఎంత, కార్యాలయం ఖర్చులో వాటా ఎంత, దాని ఆధారంగా రుసుము ఎంత నిర్ణయించారన్నది తీర్మానాల పుస్తకంలో ఉండాలి. జీతం తీసుకోని పదాధికారుల సమయాన్ని ఖర్చుగా చూపడం కష్టం కనుక, స్వచ్ఛంద సేవ ఎంత ఎక్కువైతే లెక్కల్లో మిగులు అంత ఎక్కువగా కనిపిస్తుందన్న వింత కూడా ఇందులో ఉంది.

బయటి డబ్బు

విరాళం విషయంలో నియమాలు సూటిగా ఉన్నాయి. మండలికి 12ఏబీ కింద నమోదు, 80జీ కింద ఆమోదం ఉంటే దాతకు పన్ను రాయితీ దొరుకుతుంది. నగదు రూపంలో 2,000 రూపాయలకు మించి ఇస్తే ఆ రాయితీ రాదు. వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాది ఉద్దేశాలకు ఖర్చు పెట్టాలి, 15 శాతం నిల్వ ఉంచుకోవచ్చు. అసలు ఇబ్బంది చట్టానిది కాదు. ఏటా బడ్జెట్‌లో సగం ఇచ్చే దాత ఉన్న మండలిలో, ఆ దాతకు నచ్చని వినతిపత్రం ఎవరు రాస్తారు? ఎగుమతి సుంకం విషయంలో మిల్లు యజమాని ప్రయోజనం, ఎగుమతిదారు ప్రయోజనం, రవాణా సంస్థ ప్రయోజనం ఒకటి కావు.

ప్రభుత్వ సాయానిదీ ఇలాంటి స్థితే. కేంద్ర వాణిజ్య శాఖ విదేశీ ప్రదర్శనలకు, కొనుగోలుదారుల సమావేశాలకు మార్కెట్ యాక్సెస్ ఇనిషియేటివ్ వంటి పథకాల కింద ఎగుమతి ప్రోత్సాహక మండళ్లు, గుర్తింపు పొందిన వాణిజ్య సంఘాల ద్వారా సాయం అందిస్తూ వచ్చింది. అది ఒక కార్యక్రమానికి ఇచ్చే డబ్బు. గుమాస్తా జీతానికి, అద్దెకు ఉపయోగపడదు.

విదేశాల నుంచి వచ్చే డబ్బు దగ్గర చిక్కు ఇంకా సూక్ష్మం. అంతర్జాతీయ సంబంధాల కోసం పనిచేసే మండలికి విదేశీ మండలి నుంచో, అక్కడి సంస్థ నుంచో సాయం రావడం సహజం. దాన్ని తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. నమోదుకు సంస్థ ఏర్పడి మూడేళ్లు గడవాలి. ఆ మూడేళ్లలో ప్రధాన కార్యకలాపాలపై కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు దిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే తొలుత జమ కావాలి. పరిపాలనా ఖర్చులకు 20 శాతానికి మించి వాడకూడదు.

వ్యాపార క్రమంలో అందించిన సేవకు ప్రతిఫలంగా వచ్చిన విదేశీ రుసుము మాత్రం ఆ చట్టం దృష్టిలో విరాళం కాదు. అందువల్ల విదేశీ సంస్థ నుంచి వచ్చిన మొత్తాన్ని సేవా రుసుముగా చూపాలన్న ఆశ పుడుతుంది. అలా చూపితే హోం శాఖ దగ్గర ఇబ్బంది తీరవచ్చు. కానీ అది వ్యాపార క్రమంలో వచ్చినదేనని స్వయంగా ఒప్పుకున్నట్లే కనుక, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 20 శాతం ప్రశ్న ఎదురవుతుంది. ఒకే రూపాయికి రెండు కార్యాలయాల్లో రెండు పేర్లు పెట్టడం సాధ్యం కాదు. ఏ పేరు పెట్టాలో డబ్బు రాకముందే, ఒప్పంద పత్రం రాసుకునేటప్పుడే తేల్చుకోవాలి.

ఈ పరిస్థితుల్లో బిలాస్‌పుర్ వంటి ఊరిలో ఇటువంటి సంస్థ పెట్టదలచినవారికి ఏ మార్గం మేలు? ఒక పెద్ద దాత కన్నా వంద మంది చిన్న సభ్యులు మేలన్నది స్పష్టం. అది నెమ్మదిగా జరిగే పని. ఇంటింటికీ తిరిగి అడగవలసిన పని. రైల్వేకు, బొగ్గు గనులకు సామగ్రి సరఫరా చేసే చిన్న సంస్థలు, మిల్లులు, లారీ యజమానులు, ఎగుమతి ఆలోచన ఇంకా చేయనివారు కూడా చందా కట్టాలంటే వారికి మాత్రమే దక్కేది ఏదో ఉండాలి. ఓల్సన్ చెప్పిన రెండో దారి అదే. ఏ దేశానికి ఏ పత్రాలు కావాలో చెప్పే మనిషి, రేవులో సరుకు ఆగినప్పుడు ఫోనెత్తే మనిషి, పత్రాలను ఆన్‌లైన్‌లో దాఖలు చేసిపెట్టే మనిషి ఒక్కరు ఉన్నా చాలామంది రెండో ఏడాదీ చందా కడతారు. ఆ ఒక్కరికీ క్రమం తప్పకుండా జీతం ఇవ్వగలగడమే స్వచ్ఛంద మండలికి మొదటి నిధుల సమస్య. విదేశీ ప్రతినిధి బృందాలు, ప్రదర్శనలు ఆ తర్వాతివి.

2025లో పార్లమెంటు ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలవుతుంది. సెక్షన్ల అంకెలు మారుతున్నాయి, భాష కొంత సరళమైంది. 20 శాతం పరిమితి మాత్రం అందులోనూ కొనసాగింది. కొత్త ఆర్థిక సంవత్సరానికి పద్దు పుస్తకం తెరిచే కోశాధికారి చందాకు, విరాళానికి, రుసుముకు మూడు వేర్వేరు పేజీలు కేటాయించుకోవలసిందే.